పాత చెత్తగుట్టను మూసేద్దామని వెళ్లి – నా అనుభవం

ఈ పని నా చేతికి వచ్చినప్పుడు నేను అనుకున్నది ఒకటే, ఇదేముంది, మూతేగా అని. ఎనిమిది హెక్టార్ల పాత డంపింగ్ యార్డు, చెత్త వేయడం ఆపేశారు, మీద పొరలు వేసి మూసేయాలి. అంతకుముందు నేను చేసినవన్నీ రోడ్ల కట్టలు, పునాదులు, ఒక చెరువు గట్టు. వాటి ముందు ఇది తేలిక పనిలా కనిపించింది. మోయాల్సిన బరువు లేదు, మీద బండ్లు తిరగవు, గడ్డి మొలిస్తే చాలు. రెండు రోజుల్లో క్రాస్ సెక్షన్ గీసేసి మా సీనియర్ టేబుల్ మీద పెట్టాను.

ఆయన దాన్ని పట్టుమని పది సెకన్లు కూడా చూడలేదు. "కిందున్న చెత్త ఇంకా ఎంత కుంగుతుందయ్యా?" అన్నారు. తెలీదు సార్ అన్నాను. "వాన నీళ్లు ఈ పొరలోంచి ఎక్కడ బయటికొస్తాయి?" అన్నారు. అప్పుడు చూసుకున్నాను, డ్రైనేజీ పొర గీసిన గీత గుట్ట అంచు దాకా వచ్చి ఆగిపోయింది, అంటే నీళ్లు అక్కడిదాకా వచ్చి బుద్ధిగా నిలబడాలన్నమాట. "సరే, గ్యాసో?" అన్నారు. ఇక నేనేం మాట్లాడలేదు.

ఆ మూడింటికీ జవాబులు వెతుక్కునేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి.

కొత్తవాళ్ల కోసం ఆ పొరలేంటో ముందు గబగబా చెప్పేస్తాను. అడుగున చెత్తను సరిచేసి వేసే మట్టి, దాని మీద గ్యాస్ కదలడానికి ఒక గరుకు పొర, ఆపైన నీళ్లు దిగకుండా ఆపే పొర (బంకమట్టి గానీ, ప్లాస్టిక్ షీటు లాంటి జియోమెంబ్రేన్ గానీ, రెండూ కలిపి గానీ), దాని మీద ఇంకిన నీటిని పక్కకు తీసుకుపోయే డ్రైనేజీ పొర, అన్నిటికీ పైన మొక్కలు బతికే మట్టి. మందాలు ఒక్కో దేశంలో ఒక్కోలా రాసుకున్నారు. మన 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో 60 సెంటీమీటర్ల బంకమట్టి, 15 సెంటీమీటర్ల డ్రైనేజీ, 45 సెంటీమీటర్ల పైమట్టి అని రాశారు. అమెరికాలో 1991 నాటి నిబంధనలు కనీసం 45 సెంటీమీటర్ల అడ్డుపొర, దాని మీద కోతను ఆపడానికి కనీసం 15 సెంటీమీటర్ల మట్టి అంటాయి. యూరప్ వాళ్ల 1999 ఆదేశంలో డ్రైనేజీయే అర మీటరు, పైమట్టి మీటరు పైన. ఒకే పనికి ఇంత తేడా ఎందుకా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. నిబంధనలో ఉన్న అంకెలు తీసుకుని గీసేస్తే డిజైన్ అయిపోయినట్టే అనుకున్నాను.

ఆఫీసులో కూర్చుంటే లాభం లేదని సర్వేవాళ్లతో కలిసి గుట్ట ఎక్కాను. ముందురోజు రాత్రి వాన పడింది. పైన చిన్న చిన్న మడుగులు నిలిచాయి, ఒకదాంట్లో బుడగలు వస్తూనే ఉన్నాయి, అన్నం కుండ ఉడుకుతున్నట్టు. కింది నుంచి గ్యాస్ అది. ఒకచోట గడ్డి ఏపుగా ఉంది, పక్కనే గుండ్రంగా మాడిపోయి ఉంది. నీళ్లు లేక ఎండిందేమో అనుకున్నాను గానీ, మీథేన్ వచ్చి వేళ్ల దగ్గరున్న గాలిని తోసేస్తే మొక్క ఊపిరాడక చస్తుందని తర్వాత తెలిసింది. గుట్ట అడుగున రెండు చోట్ల నల్లటి ఊట కారుతోంది. పై అంచున, అంచుకు సమాంతరంగా, వేలు దూరేంత పగులు ఒకటి పొడుగునా ఉంది. పక్క వాలు చాలాచోట్ల రెండుకు ఒకటి (అడ్డంగా రెండు మీటర్లకు నిలువు ఒక మీటరు) కంటే నిటారు. టిప్పర్లు అంచుకొచ్చి దొర్లించేసి వెళ్లిన వాలు, ఎవరూ డిజైన్ చేసింది కాదు. ఆ ఒక్క రోజులో నాకు తెలిసినంత, అంతకుముందు చదివిన రెండు వందల పేజీల్లో తెలియలేదు. ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే వాన పడ్డ మర్నాడే సైటుకు వెళ్లండి, ఎండ రోజున వెళ్తే గుట్ట ఏమీ చెప్పదు.

కుంగుడు సంగతి తేల్చడానికి పైన ఇరవై చోట్ల గుర్తులు పాతి లెవెల్స్ తీసుకున్నాం, నాలుగు నెలలాగి మళ్లీ తీశాం. పాత చెత్త ఉన్న వైపు మూడు సెంటీమీటర్లు దిగింది. చివరి రెండేళ్లలో వేసిన చెత్త ఉన్న మూల ఇరవై రెండు దిగింది. గుట్ట ఎత్తు 24 మీటర్లు. చెత్త కుళ్లేకొద్దీ ఎత్తులో పది నుంచి ముప్పై శాతం దాకా దిగొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్కన ఎంత తక్కువేసుకున్నా రెండు మీటర్ల మాట, అందులో కొంత ఇప్పటికే దిగిపోయి ఉండొచ్చు గాక. అసలు బాధ మొత్తం దిగడంతో లేదు, అంతా కలిసి దిగితే ఎవరికీ నష్టం లేదు. ఒకచోట దిగి పక్కన దిగకపోతేనే బంకమట్టి చీలుతుంది, వాలు తిరగబడుతుంది, నీళ్లు గుంటలో చేరతాయి, ఆ గుంట అడుగున చీలిక ఉంటుంది. నేను పైభాగానికి రెండు శాతం వాలు ఇచ్చాను, మామూలు బిల్డింగ్ టెర్రస్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువే కదా అని. దాన్ని ఐదు చేయించారు మా సార్. "కుంగాక మిగిలేదే నీ వాలు, కట్టిన రోజుది కాదు" అన్నారు.

పక్క వాలులను మూడుకు ఒకటికి పడుకోబెట్టాలంటే చెత్తను తవ్వాలి. తవ్వి పైన పోస్తే పైన కావలసిన ఎత్తు కూడా వస్తుంది, తవ్వింది పోసేదానికి సరిపోతుంది, కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. తవ్వడం మొదలుపెట్టిన రెండో రోజే వాసనకు చుట్టుపక్కలవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ల తప్పేం లేదు, ఏళ్ల తరబడి మూసుకున్నదాన్ని మేం తెరిచాం. ఆ తర్వాత ఒక్కోసారి తవ్వే మేరను చిన్నదిగా ఉంచుకుని, సాయంత్రానికల్లా మట్టి కప్పేసి, పొక్లెయిన్ దగ్గర గ్యాస్ మీటర్ పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టి చేశాం. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది, మీటరు ఊరికే పెట్టింది కాదు. ఈ తవ్వకం గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, అసహ్యమైన పని, అయిపోయింది.

ఇప్పుడు బంకమట్టి. నిబంధన ప్రకారం నీళ్లు దిగే వేగం సెకనుకు 10⁻⁷ సెంటీమీటర్లు దాటకూడదు. వినడానికి దాదాపు సున్నాలా ఉంటుంది. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి మూడు కోట్ల పైచిలుకు సెకన్లు, అంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉండి, నీరు సొంత బరువుతోనే దిగినా, ఏడాదికి 32 మిల్లీమీటర్లు. ఎనిమిది హెక్టార్ల మీద 2,500 ఘనపు మీటర్లు, ఇరవై ఐదు లక్షల లీటర్లు. అంతా పర్ఫెక్టుగా కట్టినా ఇంత నీరు చెత్తలోకి దిగొచ్చన్నమాట. అదే మట్టి పది రెట్లు వదులైతే 32 సెంటీమీటర్లు, అంటే చాలాచోట్ల పడే వానలో పెద్ద వాటా. అప్పుడు మూత ఉండీ లేనట్టే.

మరి మట్టి పది రెట్లు వదులవుతుందా? అవుతుంది, ఇంకా ఎక్కువే అవుతుంది, ఇక్కడే నా కళ్లు తెరుచుకున్నాయి. జర్మనీలో హాంబుర్గ్ నగరంలో గియోర్గ్స్‌వెర్డర్ అనే పాత డంప్ మీద 1987లో రకరకాల కవర్లు కట్టి, కిందికి ఎంత నీరు దిగుతోందో ఏళ్ల తరబడి కొలిచారు. ఉత్త బంకమట్టి కవర్ మొదట్లో బాగానే ఉంది. 1992 వేసవి ఎండకు మట్టి ఎండి, మీది వేళ్లు కూడా దిగి, లీకేజీ పెరుగుతూ పోయింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, బాగా వానలు పడే చోటే, ఇలాగే కట్టి కొలిస్తే 2000లో వచ్చిన ఒక పొడి కాలం తర్వాత మట్టి నెర్రెలిచ్చింది. నాలుగేళ్లలో నీళ్లు దిగే వేగం వెయ్యి రెట్ల దాకా పెరిగింది. పగిలిన బంకమట్టి మళ్లీ తడిస్తే అతుక్కుంటుందనుకునేవాణ్ని. పైన ఉన్నది ముప్పావు మీటరో మీటరో మట్టి, ఆ కాస్త బరువుకు పగుళ్లు పూర్తిగా మూసుకోవు.

నేను నమ్మక ఒక ట్రయల్ పాడ్, అంటే నమూనా మట్టి దిమ్మ, వేయించాను. పది మీటర్లకు పది, 15 సెంటీమీటర్ల చొప్పున పొరలు, షీప్‌ఫుట్ రోలర్‌తో తొక్కించి. అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ల్యాబులో ప్రాక్టర్ అచ్చులో (మట్టిని దట్టించి ఎంత గట్టిపడుతుందో చూసే పరీక్ష అది) మట్టి బాగానే గట్టిపడుతుంది, గుట్ట మీద కింద ఉన్నది చెత్త, పరుపులా ఊగుతుంది, రోలర్ ఎంత తిరిగినా మొదటి పొర ల్యాబు గట్టిదనంలో 95 శాతానికి రాదు. మా రోలర్ ఆపరేటర్ రెండో రోజే చెప్పాడు, "సార్, కింద గట్టి లేకుండా పైన గట్టి ఎలా వస్తుంది" అని. నేనది మూడు రోజుల టెస్టు రిపోర్టుల తర్వాత ఒప్పుకున్నాను. కింది సర్దుబాటు పొర మందం పెంచాక గానీ లెక్క కుదరలేదు. ఆ పాడ్‌ను పైన ఏమీ కప్పకుండా వదిలేస్తే మూడు వారాల్లో నెర్రెలు, రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత.

అందుకని మట్టి ఒక్కదాన్నే నమ్మకుండా దాని మీద జియోమెంబ్రేన్ వేద్దామనుకున్నాం. షీటు ఉంటే మట్టి ఎండదు, షీటుకు చిల్లు పడితే మట్టి ఆదుకుంటుంది. బంకమట్టికి బదులు బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) నింపిన పలుచటి చాప వాడితే ఎలా ఉంటుందని కూడా చూశాం. 48 వేల ఘనపు మీటర్ల మట్టి అంటే వదులు లెక్కన ఇంచుమించు ఆరు వేల టిప్పర్లు, ఆ బాధ తప్పుతుంది కదా అని. అయితే పైమట్టిలోని కాల్షియం దిగి బెంటొనైట్‌లోని సోడియం స్థానంలో చేరితే అది ఉబ్బే గుణం పోగొట్టుకుంటుంది, దానికి తోడు ఎండితే ఇక పగుళ్లు మూసుకోవు. మీద షీటు ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. వాలు మరీ ఎక్కువైన ఒక వైపు, రోలర్ నిలబడలేని చోట, చివరికి దాన్నే వాడాం, మిగతాదంతా మట్టే.

షీటులో రెండు రకాలు, రెండూ పాలిథీనే. అడుగు లైనర్లకు వాడే హెచ్‌డీపీఈ గట్టిది, రసాయనాలకు తట్టుకుంటుంది. కవర్లకు ఎల్ఎల్‌డీపీఈ నయం, మెత్తగా సాగుతుంది, కింద చెత్త కుంగితే చినగకుండా దానితోపాటు వంగుతుంది. 1.5 మిల్లీమీటర్లది తీసుకున్నాం. నునుపుదా గరుకుదా అనే దగ్గర నేను నునుపుది రాసుకున్నాను, సులువుగా వెల్డింగ్ అవుతుందని. నునుపు షీటు మీద, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ, అదే జియోటెక్స్‌టైల్ జారే కోణం పది పన్నెండు డిగ్రీలు. మా వాలు 18.4 డిగ్రీలు. అంటే ఏ లెక్కా అక్కర్లేదు, పొడిగా ఉన్నప్పుడే మట్టంతా కిందికి జారిపోతుంది. 1988లో కాలిఫోర్నియాలో కెటిల్‌మన్ హిల్స్ అనే చోట ఇలాంటి నునుపు షీట్ల దగ్గరే 27 మీటర్ల ఎత్తు చెత్త జారి దాదాపు పదకొండు మీటర్లు పక్కకు కదిలింది. అది అడుగు లైనర్, మాది పైకవర్, కానీ జారేది ఎక్కడైనా రెండు పొరలు తాకే చోటే.

గరుకు షీటుకు మారాం. సప్లయర్ ఇచ్చిన కాగితంలో 32 డిగ్రీలు అని ఉంది. దాన్ని పెట్టుకుని లెక్క చేస్తే సంతోషంగా ఉంది. మా సార్ "ఏ బరువు కింద చేశారో చూశావా" అన్నారు. చూస్తే వాళ్లు టెస్టు చేసింది మా కవర్ బరువుకు పది రెట్ల ఒత్తిడి కింద. మా దగ్గర షీటు మీద ఉండేది 90 సెంటీమీటర్ల మట్టి, పదహారు పదిహేడు కిలోపాస్కల్స్. మా మట్టి, మా షీటు, మా జియోటెక్స్‌టైల్ పంపించి, మా ఒత్తిడిలో, తడిపి చేయించాం. 27 వచ్చింది. సేఫ్టీ ఫ్యాక్టర్, అంటే జారనివ్వని బలం జార్చే బలానికి ఎన్ని రెట్లో అది, 1.53. కావలసింది 1.5. హమ్మయ్య అనుకున్నాను.

ఆ హమ్మయ్య ఎక్కువ కాలం నిలవలేదు. ఈ అనుభవం రాయాలనుకున్నదే ఇది చెప్పడానికి.

డ్రైనేజీ పొరకు 30 సెంటీమీటర్ల ఇసుక అనుకున్నాను. ఎంత నీరు వస్తుందో తెలుసుకోవడానికి హెల్ప్ అనే ప్రోగ్రాం నడిపాను. అమెరికా పర్యావరణ సంస్థ కోసం అక్కడి సైన్యపు ఇంజినీర్లు 1984లో తెచ్చింది, ఇప్పటికీ ఈ రంగంలో దాదాపు అందరూ వాడేది. అది రోజువారీ వానను తీసుకుని ఎంత ఆవిరైంది, ఎంత పారింది, ఎంత దిగింది అని చెబుతుంది. నా ఇసుక పొర సరిపోతుందని చెప్పింది. నేను దాని ప్రింటవుట్ ఫైల్లో పెట్టేసి ముందుకెళ్లాను.

మొదట పూర్తిచేసిన వాలు ముక్క, ముప్పై మీటర్ల వెడల్పు, నలభై మీటర్ల పొడవు. అందులో అన్ని పొరలూ వేసి గడ్డి విత్తనం కూడా చల్లాం. ఒక రాత్రి నాలుగైదు గంటలు ఆగకుండా వాన. పొద్దున్నే మేస్త్రీ ఫోన్ చేసి "సార్, మట్టి దిగిపోయింది, మీరు రండి" అన్నాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. వెళ్లి చూస్తే కింది పన్నెండు మీటర్ల మేర పైమట్టి, ఇసుక, అన్నీ కలిసి జారి అడుగున గుట్టగా పడి ఉన్నాయి, పైన షీటు నల్లగా, శుభ్రంగా, కడిగినట్టు కనిపిస్తోంది. షీటుకు చిన్న గీత కూడా పడలేదు, అంటే నేను పెట్టిన గరుకు షీటు, నేను చేయించిన టెస్టు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కన ఇంకా జారని చోట వేలితో పైమట్టి నొక్కితే నీళ్లు చిమ్మాయి.

మధ్యాహ్నం దాకా అక్కడే టిప్పర్ నీడలో కూర్చుని చేతి లెక్క వేశాను. ప్రోగ్రాం లేదు ఏం లేదు. పైమట్టి తడిసిపోయాక దాంట్లోంచి సెకనుకు 10⁻⁶ మీటర్ల చొప్పున నీరు దిగుతుంది, అది మాకు ల్యాబు ఇచ్చిన అంకే. నలభై మీటర్ల వాలు, మీటరు వెడల్పు పట్టీ తీసుకుంటే గంటకు 144 లీటర్లు. మా ఇసుక మోయగలిగేది, 30 సెంటీమీటర్లూ నిండా పారినా, గంటకు 34 లీటర్లు. ఇంతే లెక్క! నాలుగింతలు తేడా. మిగతా నీరు ఎక్కడికి పోతుంది, ఇసుక నిండి, పైమట్టిలోకి ఎక్కి, మట్టి బరువును తేల్చేస్తుంది. నీళ్లు నిండా నిండి వాలు వెంట పారుతుంటే సేఫ్టీ ఫ్యాక్టర్ ఇంచుమించు సగమవుతుంది. నా 1.53 కాస్తా 0.75. జారకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి.

ప్రోగ్రాం తప్పు చెప్పిందా అంటే లేదు. అది రోజు లెక్కన చెప్పింది, ఇరవై నాలుగు గంటలకు పరిచి. వాలు జారేది ఆ రోజులోని ఆ రెండు మూడు గంటల్లో. ఏడాదికి చెత్తలోకి ఎంత దిగుతుందో తెలుసుకోవడానికి అది మంచి పనిముట్టే, నేనే దాన్ని వాలు నిలబడుతుందా లేదా అని అడిగాను. మా సార్ దగ్గరికి వెళ్లి చెప్తే తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "నీ ఇసుక ఎక్కడ ఖాళీ అవుతుంది చూశావా" అన్నారు. అంటే రెండో తప్పు. కింది అంచున పైపు దాకా గ్రావెల్ ఉండాలి, కాంట్రాక్టరు మనుషులు దారి కోసం అక్కడ బంకమట్టి పోసి తొక్కేశారు, నేను చెక్ చేయలేదు. మొదటి రోజు నా డ్రాయింగులో ఆగిపోయిన గీతే, సైటులోనూ ఆగిపోయింది.

మార్పులు పెద్ద తెలివైనవేం కాదు. ఇసుక తీసేసి కంకర పెట్టాం, సెకనుకు 10⁻² మీటర్ల రకం, ఇసుకకు వంద రెట్లు మోస్తుంది, మీద మట్టి దిగి పూడకుండా జియోటెక్స్‌టైల్. నలభై మీటర్ల వాలును మధ్యలో ఒక మెట్టు వేసి ఇరవై చేశాం, ప్రతి మెట్టు దగ్గరా డ్రైనేజీ పొరలోని నీటిని పైపుతో బయటికి తీసేశాం. నేల మీద పారే నీటికి వేరే కాలువ, రెండూ కలవకుండా. ప్రతి పైపు నోటి దగ్గరా నేను స్వయంగా బకెట్టు నీళ్లు పోయించి చూశాను, నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు.

గ్యాస్ సంగతి. 1986 మార్చిలో ఇంగ్లండులో లాస్కో అనే ఊళ్లో, మూసేసిన డంప్ దగ్గరున్న ఒక ఇల్లు తెల్లవారుజామున పేలిపోయింది. లోపలివాళ్లు గాయాలతో బయటపడ్డారు. ఆ రాత్రి వాతావరణ పీడనం ఏడు గంటల్లో 29 మిల్లీబార్లు పడిపోయింది, భూమిలోని గ్యాస్ రాతి పొరల్లోంచి పక్కకు నడిచి ఇంటి కిందకు చేరింది. అది చదివాక మూత అనే మాటే నాకు వేరేగా వినిపించింది. మనం పైన గట్టిగా మూసేకొద్దీ గ్యాస్ పక్కదారి వెతుక్కుంటుంది. మేం గ్యాస్ పొరను గుట్ట చుట్టూ ఉన్న పైపులకు కలిపి, పైన ఎకరానికి ఒకటి చొప్పున వెంట్లు (గ్యాస్ బయటికి పోయే గొట్టాలు) పెట్టాం, అంచు చుట్టూ పరీక్ష బోర్లు వేశాం. ఇంకో సంగతి, షీటు పరిచాక వెంట్లు తెరవకముందే ఒక మూల గ్యాస్ చేరి షీటు మంచంలా పైకి లేచింది. కింది నుంచి గ్యాస్ తోస్తే కూడా పైమట్టి బరువు తేలుతుంది, నీళ్లు చేసే పనే అది కింద నుంచి చేస్తుంది. ఆ తర్వాత వెంట్లు ముందు, షీటు తర్వాత.

షీటు వేయడం గురించి ఒక పుస్తకం రాయొచ్చు, రాయను. నల్ల షీటు ఎండకు సాగుతుంది, 100 మీటర్ల ముక్క పొద్దుటికీ మధ్యాహ్నానికీ అర మీటరు తేడా వస్తుంది, మధ్యాహ్నం ముడతలు పడ్డప్పుడు మట్టి పోస్తే ఆ ముడతలు లోపలే నిలిచిపోతాయి, వాటి వెనక నీళ్లు నిలుస్తాయి. మట్టి తెల్లారగట్లే పోయాలి. రెండు వరసల వెల్డింగ్ మధ్య ఖాళీలో గాలి నింపి ఐదు నిమిషాలు ప్రెషర్ మీటరు ముల్లు పడిపోకుండా ఉంటేనే పాసు, ప్రతి 150 మీటర్లకు ఒక ముక్క కోసి లాగి చూడాలి. ఆ కోసిన చోట మళ్లీ అతుకు, అతుకుకు మళ్లీ టెస్టు. షీటు మీద 30 సెంటీమీటర్ల మట్టి లేకుండా ఏ బండీ ఎక్కకూడదని బోర్డు పెట్టాం. బోర్డు పెట్టిన సాయంత్రమే దాని పక్కనుంచే ఒక ట్రాక్టర్ ఎక్కింది.

గడ్డి దగ్గర గొడవ వేరే. చెట్లు నాటి పార్కు చేద్దామని ఒకరు, కూరగాయలు వేద్దామని ఇంకొకరు. 60 సెంటీమీటర్ల మట్టిలో చెట్టు వేరు కిందికి పోలేక పక్కకు పాకుతుంది, గాలివానకు చెట్టు పడితే వేళ్లతోపాటు మట్టి లేచి కంకర బయటపడుతుంది. చెట్లు కావాలంటే మట్టి మందం పెంచి ముందే డిజైన్ చేయాలి, చివర్లో అడిగితే కాదు. మేం వేళ్లు అల్లుకునే గడ్డి రకాలతో ఆగాం. మొదటి వానాకాలం గడ్డి పట్టేలోపే వాలు మీద సన్నటి కోతలు పడ్డాయి. వాటిని అప్పుడే పూడ్చకపోతే మరుసటి వానకు గండ్లవుతాయి.

మధ్యలో నాకొక ఆశ పుట్టింది, ఈ షీట్లూ కంకరా లేకుండా ఉత్త మట్టి మందంగా వేసి, వాన నీటిని స్పాంజిలా పట్టి ఉంచి, మొక్కలతో తాగించేసే కవర్లు ఉన్నాయని చదివి. పొడి ప్రాంతాల్లో అవి చాలా బాగా పనిచేస్తాయి, అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కట్టి కొలిచి చూపించారు కూడా. వాన అంతా కొద్ది నెలల్లో కుమ్మరించే చోట మట్టి అంత నీరు పట్టలేదు, మొక్కలు అంత వేగంగా తాగలేవు. నెలవారీ లెక్క వేశాను, మా దగ్గర కుదరలేదు, వదిలేశాను. కానీ కుదిరే చోట ఉన్నవాళ్లు నిబంధనలో లేదని దాన్ని పక్కన పెట్టకండి, కుంగినా చిరగడానికి అందులో ఏమీ ఉండదు.

మూసేసి రెండేళ్లయింది. మన 2016 నాటి నిబంధనలు కనీసం పదిహేనేళ్లు చూసుకోవాలన్నాయి, అమెరికాలోనైతే ముప్పై ఏళ్లు. ఊట తగ్గుతోంది, ఆగలేదు, లోపల ఇంకిన నీరు బయటికి రావడానికే ఏళ్లు పడుతుంది. పోయిన వానాకాలం పైన కొత్త చెత్త ఉన్న మూలన, ముందే ఇరవై రెండు సెంటీమీటర్లు దిగిన అదే మూలన, చిన్న మడుగు నిలిచింది. పదడుగుల వెడల్పు, బెత్తెడు లోతు. ఐదు శాతం వాలు అక్కడ అయిపోయింది. బుడగలు రావట్లేదు, అది చాలాసేపు కూర్చుని చూశాను. పైమట్టి తీసి, షీటు తెరిచి, కింద సర్దుబాటు మట్టి పోసి మళ్లీ వెల్డింగ్ చేయాలా, లేక పైనే మట్టి పోసి వాలు సరిచేస్తే సరిపోతుందా అని మా సార్‌కు ఫోన్ చేశాను. "షీటు సాగుతుందనేగా ఎల్ఎల్‌డీపీఈ పెట్టావు, పైనే మట్టి పోసెయ్. గుర్తులు మాత్రం మళ్లీ కొలువు" అన్నారు. మూడు టిప్పర్ల మట్టి పట్టింది. లెవెల్స్ వచ్చే నెల తీస్తాం.